ఆపా, ఇక్కడొక దస్తఖత్

"భాయిసాబ్, అబ్బా పోయి చాలీస్వా కూడా అయిపోయింది. ఇల్లు మా ముగ్గురు అన్నదమ్ముల పేర్ల మీదికి మార్చుకుందామనుకుంటున్నాం. ఆపా దస్తఖత్ తప్పనిసరా?"

నేను వకీల్‌ని కాను. తారీఖ్ చదువుకునేవాణ్ణి. మొహల్లాలో పాత ఉర్దూ కాగితాలు, ముఖ్యంగా ఆ షికస్తా రాత, చదవగలిగినవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి తాతల నాటి దస్తావేజులు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. కాగితం చదివించుకున్నాక ఊరుకోరు, ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తారు. నలుగురం ఒకే కొట్టు మీద బతుకుతున్నాం, ఇన్‌కమ్ టాక్స్‌లో హెచ్‌యూఎఫ్ పెట్టుకోవచ్చా? అబ్బా నోటిమాటగా హిబా చేశారు, రిజిస్ట్రేషన్ లేకపోతే చెల్లుతుందా? ఇంటిని వక్ఫ్ చేసి పిల్లలకే ఉంచుకోవచ్చా? ఎల్‌ఐసి నామినీ నేనే కాబట్టి ఆ డబ్బు నాదేనా? అమ్మీ మెహర్ ఇవ్వలేదు, ఇప్పుడెవరు ఇవ్వాలి?

వినడానికి ఇవన్నీ వేర్వేరు సంగతులు. ఏ ఒక్కదాన్ని పట్టుకుని వెనక్కి నడిచినా చివరికి తేలేది అదే, ఆపా హిస్సా.

ముందు లెక్క చెప్తాను, లెక్క లేకుండా తారీఖ్ అర్థం కాదు. మయ్యత్ తర్కాలోంచి, అంటే చనిపోయినాయన వదిలివెళ్ళిన దాంట్లోంచి, మొదట కఫన్-దఫన్ ఖర్చు తీయాలి. తర్వాత ఖర్జ్, అంటే అప్పులు. తర్వాత వసీయత్ ఉంటే మూడో వంతు దాటకుండా అది. మిగిలింది వారిసులకు. ఒకాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకోండి, తల్లిదండ్రులు ముందే పోయారు. 200 గజాల ఇల్లు. భార్యకు ఎనిమిదో వంతు, 25 గజాలు. మిగిలిన 175 గజాలు కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున: కొడుకులకు చెరి 70, కూతురికి 35. సూరె నిసాలో 11, 12, 176 ఆయతుల మీద నిలబడిన హిసాబ్ ఇది. నమాజ్ ఎన్ని రకాతులో ఖుర్ఆన్ విడమరచి చెప్పలేదు గానీ ఈ భిన్నాలు మాత్రం చెప్పింది. వీటిలో ఇమామ్ సాబ్ మార్చగలిగిందీ లేదు, అన్నయ్య మార్చగలిగిందీ లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ 35 గజాలు ఎవరో పంచి ఇచ్చిన రోజున ఆమెవి కావు. అబ్బా ఊపిరి ఆగిన క్షణానే ఆమెవి. కొలత వేయకపోయినా, మున్సిపాలిటీలో పేరు మారకపోయినా, ఆమెకు తెలియకపోయినా ఆమెవే. మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. దస్తఖత్ తప్పనిసరా అంటే, ఆ ఇంట్లో ఆమె కూడా మాలికే కాబట్టి తప్పనిసరి.

మన తెలుగులో "వారసుడు" అనే మాట అరబ్బీ "వారిస్" నుంచి వచ్చింది. దస్తావేజు, హక్కు, జప్తు, బకాయి, వసూలు, కిస్తీ, రసీదు, వకాల్తా, రాజీనామా అన్నీ ఆ తోవలోనే వచ్చాయి. "వీలునామా" అయితే ఇంకా మజా, ఇంగ్లీషు విల్లుకు ఫార్సీ నామా అతికించుకున్న మాట. అరబ్బీలో వారిస్ అంటే కూతురు కూడా. తెలుగులోకి వచ్చేసరికి చివర "డు" తగిలి మగవాడైపోయింది. "వారసురాలు" అని మళ్ళీ వేరే మాట కట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు తారీఖ్‌లోకి.

1772లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్ అదాలత్‌లకు ఒక పద్ధతి పెట్టాడు. వరాసత్, నికాహ్ లాంటి విషయాల్లో ముసల్మానులకు ఖుర్ఆన్ ఖానూన్, హిందువులకు శాస్త్రాల ఖానూన్. జడ్జీలకు అరబ్బీ రాదు గనక పక్కన మౌల్వీలు కూర్చునేవారు. వాళ్ళ మీద గోరాలకు నమ్మకం తక్కువ. అందుకే 1791లో చార్లెస్ హామిల్టన్ హిదాయాను, 1792లో విలియం జోన్స్ సిరాజియాను ఇంగ్లీషులోకి తెచ్చారు. సిరాజియా అంటే పూర్తిగా వరాసత్ హిస్సాల గ్రంథం, మదరసాల్లో పిల్లలు ఇవాళ్టికీ కంఠతా పడతారు. కితాబులు ఇంగ్లీషులోకి వచ్చాక మౌల్వీల అవసరం తగ్గుతూ పోయింది. 1864లో అదాలత్‌ల నుంచి ఖాజీలను, ముఫ్తీలను పూర్తిగా తీసేశారు.

చాలామంది ఇక్కడి నుంచే ఫిర్యాదు మొదలుపెడతారు, అంగ్రేజులొచ్చి మన షరీయత్ పాడుచేశారని. కొంత నిజమే. అయితే ఆడపిల్ల హిస్సా కథ అంత సీదాగా లేదు. బొంబాయిలో ఏం జరిగిందో చూడండి.

1847. బొంబాయి సుప్రీం కోర్టు. జడ్జీ సర్ ఎర్స్‌కిన్ పెర్రీ. ఖోజా బిరాదరీకి చెందిన ఆడపిల్లలు అదాలత్‌కు వచ్చారు. మా అబ్బా ఆస్తిలో ఖుర్ఆన్ మాకు హిస్సా రాసింది, ఇప్పించండి అన్నారు. అటువైపు నిలబడింది వాళ్ళ ఖాందాన్ మగవాళ్ళే. వాళ్ళ జవాబు ఏమిటంటే, మేం ముసల్మానులమే గానీ వరాసత్‌లో మా రివాజ్ వేరు, మాలో కూతుళ్ళకు ఆస్తి ఇవ్వరు, పెళ్ళి ఖర్చు, పోషణ మాత్రమే. అలాంటిదే ఇంకో ముకద్దమా కచ్చీ మేమన్లది. పెర్రీ రెండూ కలిపి విన్నాడు. రివాజ్ రుజువైంది, రివాజే గెలుస్తుంది అని ఫైసలా ఇచ్చాడు. ఆడపిల్లలు ఓడిపోయారు.

ఆ ఫైసలా చదివిన ప్రతిసారీ నేను ఒకచోట ఆగిపోతాను. ఆ అదాలత్‌లో ఖుర్ఆన్ పేరెత్తింది ఆ అమ్మాయిలు. వద్దన్నది దీన్‌దార్ మర్దులు. గోరా జడ్జీ మర్దుల మాట విన్నాడు.

పంజాబ్‌లో ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ రివాజే ఖానూన్. కూతురికి భూమి వెళ్తే అల్లుడి ఊరివాళ్ళు వచ్చి కూర్చుంటారని జమీందార్ల భయం. మన వైపు, మద్రాస్ ప్రెసిడెన్సీలో, 1873 సివిల్ కోర్టుల చట్టం 16వ సెక్షన్ వరాసత్, నికాహ్ విషయాల్లో ముసల్మానులకు మహమ్మదీయ న్యాయమే అని రాసింది. వెంటనే, ఖానూన్ అంతటి బలమున్న రివాజ్ ఏదైనా ఉంటే అదీ చెల్లుతుందని తోక తగిలించింది. కోస్తా, రాయలసీమ జిల్లాల ముసల్మానులందరూ ఆ తోక కిందే బతికారు. రివాజ్ ఉందని రుజువు చేయగలిగితే కూతుర్ని తప్పించొచ్చు.

హెచ్‌యూఎఫ్ సంగతి కూడా ఈ కాలం నాటిదే. మనవాళ్ళకు ఇందులో పెద్ద షికాయత్ ఉంది. "పక్కింటి శెట్టిగారికి హెచ్‌యూఎఫ్ అని ఇంకో పాన్ కార్డు, ఇంకో మినహాయింపు. మేం కూడా ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటాం కదా, మాకెందుకు లేదు?" 1886 ఇన్‌కమ్ టాక్స్ చట్టం "వ్యక్తి" అనే మాటలో హిందూ అవిభక్త కుటుంబాన్ని చేర్చింది. 1922 చట్టం దాన్నే కొనసాగించింది, 1961 చట్టమూ అంతే. కారణం పక్షపాతం అని తేల్చేయడం సులువు. అసలు కారణం వరాసత్‌లో ఉంది. హిందూ మితాక్షర పద్ధతిలో ఉమ్మడి ఆస్తి కుటుంబానిది, కొడుక్కి పుట్టుకతోనే హక్కు, కర్త అందరి తరఫున నడుపుతాడు. మన దగ్గర పుట్టుకతో హక్కు ఎవరికీ లేదు. అబ్బా బతికున్నంత కాలం అంతా అబ్బాదే. అబ్బా పోగానే ఎవరి భిన్నం వాళ్ళది, ఒకే పొయ్యి మీద వండుకున్నా సరే. నలుగురు అన్నదమ్ములు కలిసి కొట్టు నడిపితే అది వాటాదార్ల వ్యాపారం అవుతుంది గానీ, ఖానూన్ దృష్టిలో ఉమ్మడి కుటుంబం అవ్వదు.

దీనికి ఇంకో వైపు ఉంది, దాన్ని షికాయత్ చేసేవాళ్ళు చూడరు. కర్త లేడు కాబట్టి పెద్దన్నయ్య మిగిలినవాళ్ళ హిస్సా అమ్మలేడు. 1918లో ప్రివీ కౌన్సిల్ ఇమాంబందీ కేసులో ఇంకా ముందుకు వెళ్ళింది, ఆ ఫైసలా రాసింది సయ్యద్ అమీర్ అలీ. బేవా అయిన తల్లి కూడా తన పసిపిల్లల హిస్సా తనంతట తాను అమ్మితే అమ్మకం చెల్లదు. పిల్లల్ని పెంచే హక్కు వేరు, వాళ్ళ జాయిదాద్ మీద హక్కు వేరు. తండ్రి, ఆయన నియమించినవాడు, దాదా, ఆయన నియమించినవాడు, వీళ్ళెవరూ లేకపోతే జిల్లా జడ్జీ ఇజాజత్ కావాలి. ఇది తెలియక మైనర్ల హిస్సా కలిపి ఇల్లు కొన్నవాళ్ళు పాతికేళ్ళ తర్వాత కోర్టు మెట్లెక్కుతున్నారు.

ఇన్‌కమ్ టాక్స్ చట్టమే ఇంకో మాట చెప్పింది. అబ్బా ఇల్లు అద్దెకిచ్చారు, వారిసుల హిస్సాలు లెక్క కట్టి ఉన్నాయి. అప్పుడు ఆ అద్దె అందరిదీ కలిపి ఒకే మూట కాదు, ఎవరి హిస్సా వాళ్ళ ఆమ్దనీలో లెక్క. 1961 చట్టంలో ఇది 26వ సెక్షన్. అంటే టాక్స్ ఆఫీసు కూడా ఆపా 35 గజాలను గుర్తుపట్టింది. అద్దె మొత్తం తన ఖాతాలో వేసుకుని, మొత్తం తనే చూపించే అన్నయ్య ఆమె ఆమ్దనీకి కూడా తనే టాక్స్ కడుతున్నాడన్నమాట. వరాసత్‌లో వచ్చిన ఆస్తికి టాక్స్ ఉందా అని కూడా అడుగుతారు. 1953 నుంచి 1985 దాకా ఎస్టేట్ డ్యూటీ ఉండేది, ఎత్తేశారు. నామినీ సంగతి ఒక్క వాక్యం చాలు: 1983లో సుప్రీం కోర్టు తేల్చినట్టు, 2015లో బీమా చట్టం సవరించేదాకా ఎల్‌ఐసి నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, ఆ డబ్బు వారిసులందరిదీ అయ్యేది.

వక్ఫ్-అలల్-ఔలాద్ కథ పొడుగైనది.

షరీయత్ హిస్సాల్లో ఒక చిక్కుంది. తరం మారేకొద్దీ భిన్నాలు చిన్నవైపోతాయి. రెండు తరాలు పంచుకోకుండా ఉంటే మునాసఖా లెక్క వేయాలి, ఒక మయ్యత్ హిస్సాలోంచి ఇంకో మయ్యత్ హిస్సా తీస్తూ. నేను చూసిన ఒక కాగితంలో ఒక చిన్న ఇంటికి హిస్సాదార్ల పేర్లు పేజీన్నర ఉన్నాయి. పెద్ద ఖాందాన్‌లు దీనికి కనుక్కున్న తోవ వక్ఫ్. జాయిదాద్‌ను అల్లాహ్ పేర కట్టేస్తారు, దాన్ని ఇక అమ్మడానికి లేదు, పంచడానికి లేదు, అప్పులవాళ్ళు జప్తు చేయడానికి లేదు. ఆమ్దనీ మాత్రం ఔలాద్‌కు, నస్ల్ తర్వాత నస్ల్. వంశం అంతరించిపోతే గరీబులకు.

బెంగాల్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఇలాగే చేశారు. చివర్లో బేవాలకు, యతీమ్‌లకు అని రాశారు. 1894లో ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. గరీబులకు ఇచ్చింది పేరుకే, అసలు ఉద్దేశం ఖాందాన్ జాయిదాద్‌ను శాశ్వతంగా కట్టిపెట్టడం, దీన్ని ఖైరాత్ అనలేం అన్నారు. కలకత్తా హైకోర్టులో జడ్జీగా ఉన్న అమీర్ అలీ అంతకుముందే ఇంకో కేసులో దీనికి పూర్తిగా ఎదురు రాశారు: మన దీన్‌లో సొంత ఇంటివాళ్ళకు పెట్టడం కూడా సదఖాయే, ఇంగ్లీషు "చారిటీ" కొలతతో దాన్ని కొలవకూడదని. ప్రివీ కౌన్సిల్ ఆ మాట వినలేదు.

ముసల్మానుల్లో పెద్ద కలకలం లేచింది. షిబ్లీ నొమానీ, అంతకుముందు కొన్నేళ్ళు మన హైదరాబాద్‌లో ఉలూమ్-ఒ-ఫునూన్ సరిష్తా నాజిమ్‌గా పనిచేసిన ఆయనే, దీనిమీద రిసాలా రాసి దస్తఖత్‌లు పోగు చేయించారు. 1911లో ముహమ్మద్ అలీ జిన్నా ఇంపీరియల్ కౌన్సిల్‌లో బిల్లు పెట్టాడు. 1913లో వక్ఫ్ వాలిడేటింగ్ చట్టం వచ్చింది. అంతకు ముందటి వక్ఫ్‌లకు కూడా అది వర్తించేలా 1930లో ఇంకో చట్టం చేశారు. మన ఖౌమీ తారీఖ్‌లో దీన్ని పెద్ద జీత్‌గా రాసుకుంటాం. నేనూ అలాగే చదువుకున్నాను. ప్రివీ కౌన్సిల్ మన ఫిఖ్ అర్థం చేసుకోలేదన్నది నిజం కూడా.

కానీ ఆ జీత్‌లో ఆపాకు ఏం దక్కింది? వక్ఫ్‌నామా రాసే వాఖిఫ్ ఆమ్దనీని తన ఇష్టం వచ్చిన నిష్పత్తిలో రాయొచ్చు. కూతుళ్ళకు కొడుకులతో సమానంగా రాయొచ్చు. ఇంత గుజారా అని నెలకు కొన్ని రూపాయలు రాసి ఊరుకోవచ్చు. బతికుండగానే ఆస్తి వక్ఫ్ అయిపోయింది కాబట్టి చనిపోయేనాటికి తర్కా లేదు. తర్కా లేకపోతే ఎనిమిదో వంతు లేదు, 35 గజాలు లేవు. షరీయత్ పేరుతో తెచ్చుకున్న చట్టం షరీయత్ హిస్సాల నుంచి బయటపడే తలుపు కూడా తెరిచింది. 2025 వక్ఫ్ సవరణ చట్టం మీద నాకు చాలా ఏతరాజ్‌లు ఉన్నాయి, వేరే పోస్టులో రాస్తాను. అందులో ఒక వాక్యం మాత్రం చెప్పాలి: వక్ఫ్-అలల్-ఔలాద్ వల్ల ఆడ వారిసులతో సహా ఎవరి వరాసత్ హక్కూ పోకూడదని ఉంది. ఆ వాక్యం చదివి నాకు ఇబ్బందిగా అనిపించింది. మనం 1913లో మనంతట మనం రాసుకుని ఉండాల్సిన వాక్యం అది.

1937 షరీయత్ చట్టం దగ్గరికి వద్దాం. రివాజ్ పేరుతో ఆడవాళ్ళ హిస్సా ఎగ్గొట్టడం ఆగాలని ఉలమాలు గట్టిగా పట్టుబట్టారు. ఈ విషయంలో జమియతుల్ ఉలమాకు దక్కాల్సిన ఇజ్జత్ మనం సరిగా ఇవ్వలేదని నా అభిప్రాయం. చట్టం రివాజ్‌ను పక్కకు నెట్టింది. వరాసత్, నికాహ్, తలాఖ్, మెహర్, హిబా అన్నిటికీ షరీయతే అంది. అయితే రెండు సందులు మిగిలాయి. ఒకటి, దత్తత, వసీయత్ విషయాల్లో ఎవరైనా నాకు షరీయత్ కావాలని డిక్లరేషన్ ఇస్తేనే వర్తిస్తుంది. రెండోది అసలైన సందు: "వ్యవసాయ భూమి తప్ప". 1935 రాజ్యాంగ చట్టం కింద వ్యవసాయ భూమి ప్రావిన్సుల చేతిలోది, కేంద్రం దాన్ని ముట్టుకోలేదన్నది ఖానూనీ కారణం. జమీందార్లకు మాత్రం ఆ కారణం ఎంత ముద్దొచ్చిందో! దేశంలో నూటికి ఎంతమంది జాయిదాద్ భూమి కాదు? ఇల్లు, నగలు, నగదులో ఆపాకు హిస్సా ఇచ్చి, పొలం దగ్గరికొచ్చేసరికి రివాజ్.

తెలుగువాళ్ళం ఇక్కడ కాస్త అదృష్టవంతులం. 1949లో మద్రాస్ శాసనసభ ఆ మాటల్ని తీసేసింది. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ముసల్మాన్ ఆడపిల్లకు పొలంలో కూడా షరీయత్ హిస్సా ఖానూన్‌గా దక్కింది. తెలంగాణకు 1937 చట్టం 1960 ఫిబ్రవరి 1 నుంచి వచ్చింది. పోల్చి చూసుకోవడానికి చెప్తున్నాను: హిందూ ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో సమాన హక్కు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో, 1985 సెప్టెంబర్ 5 నుంచి వచ్చింది, దేశమంతటికీ 2005లో. సగమే అయినా ముందొచ్చింది మనకు. వాళ్ళకు ఆలస్యంగా వచ్చినా పూర్తిగా వచ్చింది. ఎవరి ఇంట్లో ఎంతమందికి నిజంగా చేతికి అందిందన్నది రెండు మొహల్లాలవాళ్ళూ కూర్చుని చెప్పుకోవాల్సిన విషయం.

హిబా మాటకు వస్తే, మూడే షరతులు. ఇచ్చేవాడు ఇచ్చానని అనాలి, పుచ్చుకునేవాడు ఖబూల్ అనాలి, ఖబ్జా చేతులు మారాలి. నోటిమాట చాలు. 1882 ఆస్తి బదిలీ చట్టం అందరి దానాలకూ రిజిస్ట్రేషన్ పెట్టి, 129వ సెక్షన్‌లో ముసల్మానుల హిబాను మినహాయించింది. మరి కాగితం మీద రాసుకుంటే? దీనిమీద మన హైకోర్టే తికమక పడింది. 1962లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ ఒక హిబా కాగితం విషయంలో రిజిస్ట్రేషన్ కావాలన్నట్టు చెప్పింది. 2011లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఇంకో కేసులో సుప్రీం కోర్టు ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు. మూడు షరతులూ పూర్తయితే రాసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అక్కర్లేదంది. ఆ కేసు కూడా తండ్రి ఒక కొడుక్కి హిబా చేశాడు, మిగతా పిల్లలు పంపకం అడిగారు అన్నదే. ఫలితం ఏమిటంటే, హిబా నిలబడితే మిగతావాళ్ళకు ఆ ఆస్తిలో ఏమీ లేదు.

వసీయత్‌కు మూడో వంతు కట్టుబాటు ఉంది, ఒక వారిస్‌కు ఎక్కువ రాయాలంటే మిగతా వారిసుల రజామందీ కావాలి. హిబాకు ఈ కట్టుబాట్లేవీ లేవు. అందుకే ఆపా హిస్సా తప్పించాలనుకునేవాళ్ళు వసీయత్ రాయరు, హిబా చేస్తారు. ఖానూన్ ఏమీ అనదు. పిల్లల మధ్య ఇచ్చిపుచ్చుకోవడంలో ఇన్సాఫ్ చేయమన్న హదీస్ ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ హదీస్ ఎవరూ అడగరు.

వసీయత్‌కు ఒక మంచి ఉపయోగం ఉంది, మనవాళ్ళు వాడరు. తండ్రి బతికుండగానే ఒక కొడుకు పోతే, బాబాయిలు ఉండగా అతని పిల్లలకు దాదా ఆస్తిలో హిస్సా రాదు. యతీమ్ పోతా మహ్‌రూమ్. ఈజిప్టు 1946లో, పాకిస్తాన్ 1961లో దీనికి ఖానూన్‌తో మందు వేశాయి. ఇక్కడ వేయలేదు. దాదాకు తన మూడో వంతులోంచి ఆ పిల్లలకు రాసే ఇఖ్తియార్ పూర్తిగా ఉంది. ఒక తెల్ల కాగితం, ఇద్దరు గవాహ్‌లు. నోటిమాట వసీయత్ కూడా చెల్లుతుంది గానీ రుజువు చేయడం కష్టం.

మెహర్ కూడా ఖర్జే, కూరగాయల షాపు బకాయి లాంటి ఖర్జే, హిస్సాలు పంచక ముందే తీర్చాల్సింది. 1916లో ప్రివీ కౌన్సిల్ హమీరా బీబీ కేసులో, ఇదీ అమీర్ అలీ రాసిందే, మెహర్ బకాయి కింద భర్త జాయిదాద్‌ను న్యాయంగా ఖబ్జాలో పెట్టుకున్న బేవాను ఆ బకాయి తీర్చకుండా వారిసులు బయటికి నెట్టలేరని, ఆగినందుకు ఆమెకు పరిహారం కూడా ఇవ్వొచ్చని తేల్చింది. మన దగ్గర ఏం చేస్తారో అందరికీ తెలుసు. జనాజా లేచే ముందు ఎవరో ఒక పెద్దావిడ బేవా చెవిలో "మాఫ్ కర్ దో బీ" అంటుంది. ఏడుస్తున్న మనిషి తల ఊపుతుంది. అది మాఫీయేనా? 1920లో కలకత్తా హైకోర్టు, భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆడమనిషి చేత చేయించిన మాఫీ స్వేచ్ఛగా ఇచ్చింది కాదు, చెల్లదు అంది. నూరేళ్ళు దాటింది. ఆ గుసగుస ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇక దస్తఖత్. రెండు రకాలు. అబ్బా బతికుండగా పెట్టించుకునేది, పోయాక పెట్టించుకునేది. పెళ్ళప్పుడు నగలు, జోడేకీ రఖమ్ ఇచ్చేశాం కాబట్టి ఇక ఆస్తిలో హక్కు లేదని రాయించుకునే కాగితం మొదటి రకం. అబ్బా బతికుండగా ఆమెకు హక్కే లేదు. లేని హక్కును ఎలా వదులుకుంటుంది? మద్రాస్ హైకోర్టు 1917లోనే అలాంటి కాగితం చెల్లదంది. 1972లో సుప్రీం కోర్టు ఒక మెలిక పెట్టింది. ఆమె ప్రతిఫలం తీసుకుని, తన నడవడితో హక్కు అడగనని నమ్మించి, దాన్ని నమ్మి వాళ్ళు ఏర్పాట్లు చేసుకుని ఉంటే, తర్వాత మాట మార్చనివ్వరు. అందుకే ఆ కాగితాల్లో "రఖమ్ ముట్టింది" అనే వాక్యం తప్పకుండా ఉంటుంది. ముట్టిందో లేదో ఆపాకే తెలుసు.

రెండో రకం, పోయాక రాయించుకునే దస్త్‌బర్దారీ, ఆమె ఇష్టంగా, తెలిసి రాస్తే చెల్లుతుంది. ఇంటి హిస్సా వదులుకునే కాగితం కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా కావాలి. ఇక్కడ ఖానూన్‌కు చేతనైంది తక్కువ. మా దగ్గరి చుట్టాల్లో ఒక ఫుఫ్ఫూను ఎందుకు రాసిచ్చావని అడిగాను. "హిస్సా తీసుకుంటే ఈద్‌కు ఎవరింటికి వెళ్ళాలి బేటా?" అంది. మైకా తలుపు తెరిచి ఉండాలంటే 35 గజాలు కిరాయి. ఎవరూ బలవంతం చేయలేదు. రజామందీ అని కాగితం మీద ఉంది, సబ్ రిజిస్ట్రార్ ముందు కూడా అదే చెప్పింది.

దస్తఖత్ పెట్టనివాళ్ళ సంగతి ఒకటి మిగిలింది. అన్నలు అడగలేదు, ఆమె పెట్టలేదు, ఇరవయ్యేళ్ళు గడిచాయి. ఇల్లు అన్నల ఖబ్జాలోనే ఉంది, పన్ను రసీదులు అన్నల పేరుతోనే వస్తున్నాయి. పన్నెండేళ్ళు దాటింది కదా, ఆమె హక్కు పోయినట్టేనా అని ఈ మధ్య ఒక కుర్రాడు అడిగాడు. అన్నల వైపు మనిషే, గొంతులో కొంచెం ఆశ కూడా ఉంది. 1956లో సుప్రీం కోర్టు ఒక తెలుగు రెడ్ల కుటుంబం కేసులో దీన్ని విడమరచి చెప్పింది. వారిసుల్లో ఒకడి ఖబ్జా అందరి తరఫున ఖబ్జా. పన్నెండేళ్ళు లెక్కించాలంటే ఆమె హక్కును ఆమెకు తెలిసేలా, బాహాటంగా కాదని ఉండాలి. ఊరికే వాడుకుంటూ కూర్చున్నంత మాత్రాన, పన్ను కట్టినంత మాత్రాన ఆ గడియారం మొదలవ్వదు. మరి మీరెప్పుడైనా ఆపాతో నీకు హిస్సా లేదని మొహాన చెప్పారా అని అడిగాను. లేదన్నాడు. ప్రతి రంజాన్‌కూ చీర పెడుతూనే ఉన్నామన్నాడు.